మీకు తెలుసా? ‘లైను ఖాళీ’ అనే మాట వెనక

హైదరాబాద్‌లోని నాంపల్లి స్టేషన్ దాటి ముందుకు పోవడానికి రైలుకు దారి లేదు. నిజాం కాలంలో, 1907లో కట్టిన ఈ స్టేషన్‌లో పట్టాలు ప్లాట్‌ఫారం కొసన ఆగిపోతాయి. రైల్వేవాళ్ల మాటలో అది డెడ్ ఎండ్. ఇక్కడికి ఒక రైలును రానివ్వాలంటే సిగ్నల్ వ్యవస్థకు ముందుగా కొన్ని చిన్న సంగతులు తెలియాలి. రెండో లైను ఖాళీగా ఉందా? రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింటు ఆ లైనుకే తిరిగి ఉందా? తిరిగి బిగిసిందా? అదే లైనుకు ఇంకో రైలును రమ్మని ఇప్పటికే సిగ్నల్ ఇచ్చేశారా? ఒక్కో ప్రశ్నకు జవాబు అవును, లేదా కాదు.

ఇంకా చిన్నవిగా విడగొట్టలేని ఇలాంటి అవును–కాదు మాటలనే తర్కంలో అటామిక్ ప్రపోజిషన్లు అంటారు. తెలుగు మీడియంలో పాత పదో తరగతి లెక్కలు చదివినవాళ్లకు ఇవి పరిచయమే. ‘ప్రవచనాలు, సమితులు’ పాఠంలో సత్య పట్టికలు గీసి, నిషేధం, అనుషంగికం అంటూ వల్లె వేసినవి ఇవే. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో అలాంటి పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ కంటపడతాయి. ఆ పాఠంలో లేనిది ఒక్కటే, కాలం. అందులో ప్రవచనం ఒకసారి నిజమైతే ఎప్పటికీ నిజమే. నాంపల్లిలో అలా కుదరదు. ‘రెండో లైను ఖాళీ’ అన్నది ఇప్పుడు నిజం, ఐదు నిమిషాలాగితే అబద్ధం, రైలు యార్డుకు వెళ్లిపోయాక మళ్లీ నిజం.

◆ ఆ కాలాన్ని కంప్యూటర్ శాస్త్రంలోకి తెచ్చింది ఎవరో తెలుసా?

ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమీర్ ప్నూలీ. 1977లో ఆయన రాసిన ఒక పరిశోధన పత్రం, అప్పటిదాకా తత్వవేత్తల దగ్గరే ఉన్న టెంపొరల్ లాజిక్‌ను ప్రోగ్రాముల తప్పొప్పులు తేల్చే పనికి మళ్లించింది. 1996లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఈ తర్కంలో మామూలు ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’లకు తోడు నాలుగు మాటలు చేరతాయి: ఎల్లప్పుడూ, ఎప్పటికైనా, మరుక్షణం, ఫలానాది జరిగేదాకా. ఇంగ్లీషు అక్షరాల్లో జి, ఎఫ్, ఎక్స్, యు అని రాస్తారు.

ఈ చరిత్రలో మనవాళ్లు గుర్తుపట్టే ఒక ఇంటిపేరుంది. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎ. ప్రసాద్ శిష్ట్లా, ఎడ్మండ్ క్లార్క్‌తో కలిసి 1985లో అచ్చేసిన పత్రంలో ఈ తర్కపు వాక్యాలను పరీక్షించడం ఎంత కష్టమో కచ్చితంగా కొలిచి చెప్పారు. మరుసటి ఏడాది క్లార్క్, ఎమర్సన్, శిష్ట్లా ముగ్గురూ కలిసి రాసిన పత్రం, యంత్రమే ఒక వ్యవస్థ అన్ని స్థితుల్నీ తిరిగి చూసి తప్పు పట్టుకునే మోడల్ చెకింగ్ పద్ధతికి పునాది రాళ్లలో ఒకటి. ఆ పద్ధతికి క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007 ట్యూరింగ్ అవార్డు దక్కింది.

◆ ‘ఎప్పటికైనా రైలు ఆగుతుంది’ అని రాస్తే చాలదని తెలుసా?

2024 జనవరి 10 ఉదయం చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లి ప్లాట్‌ఫారం మీద ఆగవలసిన చోట ఆగలేదు. కొసదాకా వెళ్లి గోడను తాకింది. కొన్ని బోగీలు పట్టాలు తప్పాయి, కొందరికి దెబ్బలు తగిలాయి. ప్రాణాలు పోకపోవడం అదృష్టం.

ఆ ఘటనను తర్కంలో పెట్టి చూడండి. ‘వేగం సున్నా’ అన్నదొక్కటే మన ప్రవచనం అనుకుందాం. ‘ఎప్పటికైనా వేగం సున్నా’ అనే నియమం ఆ రోజు కూడా నెగ్గుతుంది, ఎందుకంటే రైలు చివరికి ఆగింది. మనకు కావలసిన మాట వేరే: ‘వేగం సున్నా అయ్యేదాకా గోడను తాకకూడదు.’ ఇందులో ‘దాకా’ అనే కాలవాచకం కావాలి. అంతకన్నా ముందు ‘గోడను తాకింది’ అనే రెండో ప్రవచనం కావాలి. అది మన పట్టికలో లేకపోతే దాని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేం. జి, ఎఫ్‌లతో ఎంత నేర్పుగా ఫార్ములా అల్లినా, పేరు పెట్టని సంగతి ఆ ఫార్ములా కంటికి ఆనదు. నియమాలు రాసేవాళ్ల పనిలో సగం, నా ఉద్దేశంలో సగానికి పైనే, ఈ పేర్లు పెట్టడం.

◆ ఫార్ములాలో పేరు రాయడానికీ వ్యాకరణం ఉందని తెలుసా?

టెంపొరల్ లాజిక్ కోసం ఉచితంగా దొరికే లైబ్రరీల్లో పేరున్నది స్పాట్. ఫ్రాన్స్‌లోని ఎపిటా అనే ఇంజినీరింగ్ కళాశాల పరిశోధకులు ఏళ్ల తరబడి సాకుతున్న సాఫ్ట్‌వేర్ ఇది. దీనికి ఒక ఫార్ములా ఇస్తే, దాన్ని పాటించే నడకలన్నిటినీ ఒప్పుకుని మిగిలినవాటిని తిప్పికొట్టే ఆటోమేటన్‌ను, అంటే స్థితులూ వాటిని కలిపే గీతలూ ఉన్న నమూనాను, కట్టి ఇస్తుంది.

ఇందులో ప్రవచనానికి ఇష్టమైన పేరు పెట్టుకోవచ్చు, కానీ ఒక చిక్కుంది. జి, ఎఫ్, ఎక్స్ అనే పెద్ద అక్షరాలు ఆపరేటర్లు. ఎవరైనా గేటుకు గుర్తుగా పెద్ద జి అక్షరంతో మొదలయ్యే పేరు పెడితే లైబ్రరీ ఆ మొదటి అక్షరాన్ని ‘ఎల్లప్పుడూ’ అని చదివేసుకుంటుంది. మిగిలిన ముక్క ప్రవచనం అవుతుంది. తప్పని చెప్పదు, ఎందుకంటే అలా చదివితే అది వ్యాకరణం ప్రకారం సరైన వాక్యమే. గేటు తెరిచి ఉందని మీరు రాస్తే ఇంకేదో ఎల్లకాలం నిజమని అది అనుకుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పేర్లను డబుల్ కోట్స్‌లో పెడతారు. కోట్స్‌లో ఉన్నదంతా ఒకే పేరు. ఖాళీలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు ఏవైనా అందులో పట్టేస్తాయి.

తెలుగులో రాయవచ్చా? కోట్స్ లోపల రాయవచ్చు. కానీ దానికో ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి.

◆ ‘రైలు’ అని రెండు రకాలుగా టైపు కొట్టవచ్చని తెలుసా?

యూనికోడ్‌లో తెలుగు ఐత్వానికి సొంత సంకేతం ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దానికింద ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా కూడా దాచవచ్చు. తెరమీద రెండిట్లోనూ ‘రైలు’ అనే కనిపిస్తుంది. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం కూడా అంటుంది. కానీ పేర్లను బైట్ల వరుసగా మాత్రమే పోల్చే ప్రోగ్రాముకు అవి రెండు వేర్వేరు పేర్లు. ‘రైలు వచ్చింది’ అని ఒకరు ఒక కీబోర్డులో, ఇంకొకరు ఇంకో కీబోర్డులో కొడితే ఒకే ప్రవచనం రెండవుతుంది. మొదటిది నిజమైన క్షణంలో రెండోది అబద్ధంగా ఉండవచ్చు.

ఇంకా కంటికి ఆననిది మరొకటుంది. ‘ప్లాట్‌ఫారం’ అని రాసేటప్పుడు ట కింద ఫ వత్తు పడకుండా మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పదం మధ్యలో అది ఉన్నదీ లేనిదీ ఆకారంలో తెలిసిపోతుంది. పొల్లుతో ముగిసే ‘సిగ్నల్’ లాంటి పదం చివర అది అంటుకుని ఉంటే మాత్రం ఎవరికీ కనపడదు. తెలుగులో నియమాలు రాయాలని నేను గట్టిగా కోరుకుంటాను. సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసే మనిషి తన భాషలో చదివి ‘ఇది ఇలా కాదు’ అనగలగాలి. అందుకోసం పేర్లను లైబ్రరీకి అందించే ముందు అన్నిటినీ ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చి, చివర అంటుకున్న కనిపించని అక్షరాలను దులిపేయాలి. నాలుగు వరుసల ప్రోగ్రాముతో అయ్యే పని.

◆ పేరు తప్పుగా రాస్తే నియమం ఓడిపోదు, నెగ్గుతుందని తెలుసా?

ఇది చాలామంది నమ్మరు. అందుకే కాస్త నిదానంగా చెబుతాను. నియమం ఇది: ‘ఎల్లప్పుడూ, లైను2లో రైలు ఉంటే, లైను2 సిగ్నల్ ఎర్రగా ఉండాలి.’ స్టేషన్ రికార్డులో ప్రవచనం పేరు ‘లైను2_రైలు’. నియమం రాసిన మనిషి ‘లైన్2_రైలు’ అని కొట్టాడు. మనం రెండు రకాలుగానూ పలుకుతాం, రాస్తాం. ఏ పేరైనా ఒప్పుకునే లైబ్రరీ దీన్ని కొత్త ప్రవచనంగా చేర్చుకుంటుంది. రికార్డులో ఆ పేరు ఎక్కడా లేదు. లేని పేరును అబద్ధంగా లెక్కకట్టే పద్ధతిలో ‘లైన్2_రైలు’ ప్రతి క్షణమూ అబద్ధమే. పదో తరగతి పాఠం గుర్తు చేసుకోండి: అనుషంగికంలో మొదటి భాగం అబద్ధమైతే మొత్తం వాక్యం నిజం. కాబట్టి నియమం నెగ్గింది. ఆకుపచ్చ టిక్కు పడింది. రెండో లైనులో రైలు నిలబడి ఉండగా సిగ్నల్ ఆకుపచ్చగా వెలిగినా ఆ టిక్కు అలాగే ఉంటుంది.

దీన్ని శూన్య సత్యం అనవచ్చు. హైఫాలోని ఐబీఎం పరిశోధకులు 1997లో తమ అనుభవం రాశారు. కొత్త హార్డ్‌వేర్ డిజైన్‌ను మొదటిసారి పరీక్షకు పెట్టినప్పుడు, నియమాల్లో దాదాపు 20 శాతం ఇలా ఉత్తినే నెగ్గేవని, అలా నెగ్గిన ప్రతిసారీ డిజైన్‌లోనో నియమంలోనో పరిసరాల వర్ణనలోనో నిజమైన లోపం బయటపడేదని తేల్చారు. వాటన్నిటికీ కారణం పేరులో తప్పే కాదు. కానీ పేరులో తప్పు వాటిలోకెల్లా తేలిగ్గా జరిగేది, తేలిగ్గా పట్టుకోదగింది కూడా. ఒక ఫార్ములాలో ఉన్న ప్రవచనాలన్నిటినీ ఏరి జాబితాగా ఇచ్చే ఫంక్షన్ స్పాట్‌లో ఉంది. ఆ జాబితానూ వ్యవస్థ ఇచ్చే పేర్ల జాబితానూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని పేరు కనపడగానే పని ఆపేయాలి. పరీక్షలన్నిటికన్నా ముందు నడవవలసిన పరీక్ష ఇదే.

◆ పేర్లు లోపల అంకెలుగా మారిపోతాయని తెలుసా?

ఫార్ములాలో ‘లైను2_రైలు’ పదిచోట్ల వస్తే స్పాట్ పది ప్రతులు చేసుకోదు. ఒకటే ఉంచుకుని అన్నిచోట్లా దాన్నే చూపిస్తుంది. ఆ తర్వాత ఆటోమేటన్ కట్టేటప్పుడు ప్రతి పేరుకూ ఒక అంకె ఇస్తుంది. బడిలో హాజరు పట్టీ ఎలాగో ఇదీ అలాగే: ఒకసారి పేరు ఎక్కాక లోపల అంతా రోల్ నంబరుతోనే పిలుపు. రెండు ఆటోమేటన్లను కలిపి చూడాలంటే, ఉదాహరణకు స్టేషన్ నమూనానూ నియమాన్నీ కలపాలంటే, రెండూ ఒకే పట్టీని వాడాలి. వేర్వేరు పట్టీలైతే ఒకదాంట్లో మూడో నంబరు పాయింటు, ఇంకోదాంట్లో మూడో నంబరు సిగ్నల్. అలాంటి జతను స్పాట్ కలపనివ్వదు, అక్కడే పొరపాటు చూపిస్తుంది. ఈ కట్టుబాటు నాకు చాలా నచ్చుతుంది. నోరు మూసుకుని తప్పు జవాబు ఇవ్వడం కన్నా పని ఆపేయడం మేలు.

ఆటోమేటన్లను ఒక సాధనం నుంచి ఇంకో సాధనానికి పంపే ఫైలు పద్ధతికీ ఇదే నడక. 2013లో వియత్నాంలోని హనోయ్‌లో జరిగిన ఒక సదస్సులో పరిశోధకులు కూడి మొదలుపెట్టినందుకు దానికి ఆ ఊరి పేరే పెట్టారు. ఫైలు పైభాగంలో ఎన్ని ప్రవచనాలు, వాటి పేర్లేమిటి అన్నది ఒక్క వరుసలో ఉంటుంది. కింద అంతా 0, 1, 2 అనే అంకెలే. ఆ ఒక్క వరుసలో రెండు పేర్లు తారుమారైతే కింది పేజీలన్నీ వ్యాకరణం తప్పకుండా అబద్ధం చెబుతాయి.

◆ ఒక పేరును చెరిపేయడానికి మూడు దారులున్నాయని తెలుసా?

ఆటోమేటన్ లోంచి ఫలానా ప్రవచనం వద్దనుకుంటే, అది ఎప్పుడూ నిజమని ఖాయం చేసి తీసేయవచ్చు. ఎప్పుడూ అబద్ధమని తీసేయవచ్చు. లేదా ‘నిజమైనా సరే, అబద్ధమైనా సరే’ అని వదిలేయవచ్చు. మూడిటికీ మూడు వేర్వేరు ఫలితాలు. ‘గేటు మూసి ఉంది’ అన్నదాన్ని ఎప్పుడూ నిజమని తీసేసి పరీక్ష చేస్తే, గేటు తెరిచి ఉన్న క్షణాలన్నీ పరీక్ష నుంచి జారిపోతాయి.

◆ ఆరు ప్లాట్‌ఫారాలకు ఎన్ని స్థితులో తెలుసా?

నాంపల్లిలో ఆరు ప్లాట్‌ఫారాలు. ఒక్కోదానికి ‘ఖాళీ’ అనే ఒక్క ప్రవచనం పెట్టినా మొత్తం స్థితులు 64. ప్రవచనాలు 20 అయితే 10,48,576. ముప్పై అయితే 107 కోట్ల పైచిలుకు. ప్రవచనాలు ఇలా పెరుగుతూ పోతే, స్థితులన్నిటినీ వరుసగా రాసుకోవడానికి ఏ కంప్యూటరూ చాలదు. 1986లో రాండల్ బ్రయంట్ ఇందుకు ఒక దారి చూపించారు. బైనరీ డెసిషన్ డయాగ్రం అంటారు. ఒకే రకంగా ముగిసే కొమ్మలన్నిటినీ కలిపేసి సత్య పట్టికను చిన్న బొమ్మగా కుదించే పద్ధతి. ఆటోమేటన్ గీతల మీది షరతులను స్పాట్ ఇలాగే దాచుకుంటుంది.

ఇందులో పేర్ల వరుస ఎంత ముఖ్యమో చూడండి. ఎనిమిది లైన్లు, ఒక్కోదానికి పాయింటు ఒకటి, సిగ్నల్ ఒకటి. ‘ఏదో ఒక లైనులో పాయింటూ సిద్ధం, సిగ్నలూ సిద్ధం’ అన్నది షరతు. ఏ లైను పాయింటు పక్కన ఆ లైను సిగ్నల్ ఉండేలా వరుస పెడితే బొమ్మలో 18 గడులు. పాయింట్లన్నీ ముందు, సిగ్నళ్లన్నీ తర్వాత పెడితే 512. షరతు అదే, అర్థం అదే. లైబ్రరీలో సాధారణంగా ముందు నమోదైన పేరు ముందు వరుసలోకి వస్తుంది. అందుకని చుట్టాల్లాంటి పేర్లను వెంటవెంట నమోదు చేయడం మంచి అలవాటు.

పేర్లు తగ్గిస్తే అన్ని కష్టాలూ తీరతాయా అంటే, తీరవు. ‘ఎప్పటికైనా’, ‘మరుక్షణం’ అనే రెండూ ఉంటే, ప్రవచనం ఒక్కటే ఉన్నా లెక్క అంతే కష్టంగా ఉండవచ్చని డెమ్రీ, ష్నోబెలెన్ అనే పరిశోధకులు 2002లో రుజువు చేశారు.

◆ ‘ఖాళీ’ అనడమా, ‘రైలు ఉంది’ అనడమా? తర్కానికి రెండూ ఒకటే, రైల్వేకు కాదని తెలుసా?

1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ సంగతి ఇది. పట్టాల ముక్కకు ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే అనే విద్యుత్ స్విచ్చి. పట్టాల గుండా కరెంటు వచ్చి రిలేను ఎత్తి పట్టుకుంటే లైను ఖాళీ అని గుర్తు. రైలు రాగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు రిలేదాకా రాదు. రిలే పడిపోతుంది. లైనులో రైలు ఉందని అర్థం.

ఇందులో గొప్పతనం ఎక్కడుందంటే, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా కరెంటు ఆగుతుంది, రిలే పడుతుంది, వ్యవస్థ ‘రైలు ఉంది’ అనే అనుకుని సిగ్నల్ ఎర్రగా ఉంచుతుంది. నిజం అనడానికి కష్టపడాలి, అబద్ధం కావడానికి ఏదైనా చాలు. ఇక్కడ ప్రవచనం ‘ఖాళీ’. దీనికి బదులు ‘రైలు ఉంది’ అన్నదాన్ని కరెంటుతో గుర్తించి ఉంటే, తీగ తెగిన రోజున లైను ఖాళీగా ఉందని చెప్పేది. తర్కంలో ఒకదానికి నిషేధం పెడితే రెండోది వస్తుంది, తేడా లేదు. లోహంలో, తీగల్లో ఆ తేడాయే ప్రాణం. సాఫ్ట్‌వేర్ లైబ్రరీ వాడేవాళ్లకు ఇందులో పాఠం నేరుగా ఉంది: వార్త రానప్పుడు అబద్ధంగా మిగలవలసినదాన్నే ప్రవచనంగా ఎంచుకోవాలి. ‘బ్రేకు పనిచేస్తోంది’ అని పేరు పెట్టండి, ‘బ్రేకు చెడింది’ అని పెట్టకండి. కబురు ఆగిన క్షణాన మొదటిది అబద్ధమై రైలును ఆపుతుంది.

◆ సూత్రం సరిగ్గా ఉండి, పేరు తప్పు తీగకు అంటుకుంటే?

2023 జూన్ 2 రాత్రి ఒడిశాలోని బహనాగా బజార్‌లో జరిగింది మనవాళ్లు ఎవరూ మరిచిపోలేరు. చెన్నైకి వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడల మీదుగా రోజూ మన జనాన్ని మోసుకొచ్చే బండి, మెయిన్ లైనుకు ఆకుపచ్చ సిగ్నల్ చూసి వచ్చి లూప్ లైనులోకి మళ్లి, అక్కడ నిలిచి ఉన్న గూడ్సు రైలును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణ ఏం తేల్చిందంటే, లెవెల్ క్రాసింగ్ గేటు నంబరు 94 దగ్గరా, అంతకుముందు సిగ్నల్ పరికరాలుండే గుమ్టీలోనూ చేసిన సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో లోపాలున్నాయి. తీగల మీది పేర్లు తప్పుగా ఉన్నాయి, ఆ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. పాయింటు 17 మెయిన్ లైనుకు ఉందని వ్యవస్థ నమ్మింది. నేల మీద అది లూప్ లైనుకు తిరిగి ఉంది. ఇంటర్‌లాకింగ్ తర్కం తన పని తాను చేసింది: ‘పాయింటు సరిగ్గా ఉంటేనే ఆకుపచ్చ’ అన్న నియమాన్ని పాటించింది. ‘పాయింటు సరిగ్గా ఉంది’ అనే ప్రవచనమే నేలమీది నిజంతో తెగిపోయింది.

టెంపొరల్ లాజిక్ లైబ్రరీ ఏదీ ఈ తప్పును తనంతట తాను పట్టలేదు. ఫార్ములాకు పేరు తెలుసు, తీగ తెలియదు. ఆ రెండిటి మధ్య బంధాన్ని పాయింటు దగ్గరికి నడిచి వెళ్లి, తిప్పి చూసి, ప్యానెల్ మీద ఏ దీపం వెలిగిందో ఇంకొకరు చదివి ధ్రువీకరించాలి. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ప్రతి ప్రవచనానికీ అది ఏ సెన్సరు నుంచి, ఏ షరతుతో వస్తుందో ఒక వాక్యం రాసి పెట్టాలి. సర్క్యూట్ మారిన ప్రతిసారీ ఆ వాక్యాన్ని మళ్లీ నేలమీద పరీక్షించాలి. ఈ పనిని గుమాస్తా పనిగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను.

◆ ‘లేదు’ అనడంలో కాలాన్ని మన అన్నంభట్టు లెక్కపెట్టాడని తెలుసా?

పదిహేడో శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం దేశమంతా న్యాయశాస్త్రం నేర్చుకునేవాళ్లు మొదట చదివే పుస్తకం. అందులో అభావాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు. వస్తువు పుట్టకముందు ఉన్న లేమి ప్రాగభావం, దానికి మొదలు లేదు కానీ ముగింపు ఉంది. వస్తువు నశించాక వచ్చే లేమి ప్రధ్వంసాభావం, దానికి మొదలుంది కానీ ముగింపు లేదు. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఇది అది కాదు అనడం అన్యోన్యాభావం.

‘రైలు ప్లాట్‌ఫారం మీద లేదు’ అన్న మాటను దీని ముందు పెట్టండి. ఇంకా రాలేదా, వచ్చి వెళ్లిపోయిందా, ఈ ప్లాట్‌ఫారానికి అసలు రాదా? ప్రయాణికుడికి ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు. లైబ్రరీలో ‘రైలు_ఉంది’ అనే ప్రవచనానికి నిషేధం పెడితే మూడూ ఒకటైపోతాయి. వాటిని విడదీయడానికి కాలపు ఆపరేటర్లు కావాలి: ‘ఇప్పుడు లేదు, ఎప్పటికైనా ఉంటుంది’, ‘ఒకప్పుడు ఉంది, ఇక ఎల్లప్పుడూ లేదు’, ‘ఎల్లప్పుడూ లేదు’. రెండు సంప్రదాయాలూ ఒకటేనని నేను అనను. న్యాయశాస్త్రం పదార్థాల గురించి మాట్లాడుతుంది, టెంపొరల్ లాజిక్ వాక్యాల గురించి. కానీ తెలుగు విద్యార్థికి ఈ పాఠం మొదలుపెట్టడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తోచదు.

◆ హైదరాబాద్‌లో ఈ లెక్క రోజూ నడుస్తోందని తెలుసా?

రైళ్లు గుద్దుకోకుండా కాపాడే ‘కవచ్’ వ్యవస్థను లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్‌ఓ రూపొందిస్తే, మొదట తయారుచేసిన మూడు సంస్థలూ, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్‌వే. ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి–వికారాబాద్–వాడి వైపు లైన్ల మీద మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఎదురెదురుగా ఇంజన్లను నడిపి చూపించారు. ఒకటి రెండోదానికి 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. ఈ వ్యవస్థకు కావలసిన భద్రతా స్థాయి ఎస్‌ఐఎల్–4: ప్రమాదకరమైన వైఫల్యం గంటకు పది కోట్లలో ఒక వంతు కన్నా తక్కువగా ఉండాలి. ఆ స్థాయి రైల్వే సాఫ్ట్‌వేర్‌కు గణిత రుజువు పద్ధతులను యూరోపియన్ ప్రమాణం గట్టిగా సిఫారసు చేస్తుంది.

నాంపల్లి రైల్వే స్టేషన్ పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్‌కు తెరిచిన ఎర్ర లైనులోది. అక్కడ రెండు ప్రవచనాలు, ‘బండి కదులుతోంది’, ‘తలుపులు మూసి ఉన్నాయి’, వాటి మధ్య ‘ఎల్లప్పుడూ’ అనే మాట ఎంత విలువైనదో రద్దీలో నిలబడిన ఎవరికైనా అర్థమవుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి చిప్ డిజైన్ ఆఫీసుల్లో ఇదే తర్కం సిస్టమ్‌వెరిలాగ్ అసర్షన్ల రూపంలో ఉంటుంది. అక్కడొక చక్కటి కట్టుబాటు ఉంది: ప్రవచనం విలువను క్లాకు కొట్టే క్షణానికి సరిగ్గా ముందు ఉన్నట్టు చదువుతారు. అందరూ మారుతున్న క్షణంలో ఎవరి మాట ముందు వినాలన్న గొడవ అలా తప్పుతుంది.

◆ చివరగా, ప్రవచనం ఎవరి చేతిలో ఉందో అడగాలని తెలుసా?

నియమాలిచ్చి, వాటిని పాటించే కంట్రోలరునే యంత్రంతో తయారు చేయించే పద్ధతి ఒకటుంది. స్పాట్‌లో దానికీ ఒక సాధనం ఉంది. అక్కడ ప్రవచనాలను రెండు గుంపులు చేయాలి: బయటి ప్రపంచం నిర్ణయించేవి, కంట్రోలరు నిర్ణయించేవి. నాంపల్లికి పెట్టి చూస్తే ‘రైలు హోమ్ సిగ్నల్ దగ్గరికి వచ్చింది’, ‘డ్రైవరు బ్రేకు వేశాడు’ అన్నవి బయటివి. ‘సిగ్నల్ ఎరుపు’, ‘పాయింటు తిప్పు’ అన్నవి లోపలివి. ‘డ్రైవరు బ్రేకు వేశాడు’ అన్నదాన్ని పొరపాటున రెండో గుంపులో పెడితే యంత్రం సంతోషంగా ఒక కంట్రోలరును కట్టి ఇస్తుంది. అవసరమైన ప్రతి క్షణంలో డ్రైవరు బ్రేకు వేసేలా అదే నిర్ణయించేసుకుంటుంది. కాగితం మీద రుజువు నిలుస్తుంది. సరైన గుంపులో పెడితే ‘ఈ నియమాలతో కంట్రోలరు సాధ్యం కాదు’ అని జవాబు రావచ్చు. అప్పుడు డ్రైవరు వేయకపోయినా పడే బ్రేకును, దానికో కొత్త పేరుతో, కంట్రోలరు గుంపులో చేర్చవలసి ఉంటుంది.